బాపు సీసా

కోరుట్లలో ఓదెలు గౌడ్ ఇంటి ముందు కరెంటు స్తంభం ఒకటి ఉంది. ఆ పొద్దున ఆయన దాని దగ్గరికి వెళ్లి, భుజమ్మీది తువ్వాలు తీసి నడుముకు బిగించి, అరచేత్తో స్తంభాన్ని చరిచి పైకి చూశాడు. తాటిచెట్టును ఎట్లా చూస్తాడో అట్లాగే చూశాడు. ఎక్కడ పట్టు దొరుకుతుందో వేళ్లతో తడిమాడు. తర్వాత రెండు చేతులూ చుట్టి, కుడికాలు ఆనించి, ఒక్క ఊపుతో నేల విడిచాడు.

వాకిట్లో పళ్లు తోముకుంటున్న శోభ బ్రష్షు పారేసి పరుగెత్తింది. తండ్రి నడుము వాటేసుకుని కిందికి లాగింది. డెబ్బై ఏళ్లు దాటిన బక్కమనిషి, అయినా ఆ చేతులు స్తంభాన్ని వదలడానికి ఒక పట్టాన ఒప్పుకోలేదు.

"దిగు బాపూ. గది చెట్టు గాదు. పైన కరెంటున్నది."

ఓదెలు దిగాడు. తువ్వాలు విప్పి దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు. కూతుర్ని కిందినుంచి మీదికి చూసి, పరాయి ఆడమనిషితో మాట్లాడేటప్పుడు ఉండే మర్యాదతో అడిగాడు.

"ఎవలు బిడ్డ నువ్వు? పింఛన్లు రాసుకోనీకి అచ్చినవా?"

తనెవరో చెప్పి చెప్పి శోభకు నోరు నొచ్చింది. ఊళ్లో ఆమెను డాక్టరమ్మ అంటారు గానీ ఆమె నాడి పట్టుకునే డాక్టరు కాదు. మెదడు శాస్త్రం చదివింది. మనిషికి యాది ఎట్లా నిలుస్తుంది, ఏం తింటే నిలుస్తుంది, ముసలితనపు జబ్బుల్లో ఎట్లా ఊడిపోతుంది అన్నదే ఆమె పని. దేశాలు తిరిగి అంత చదువు చదివినామెను కన్నతండ్రి పింఛన్లు రాసుకునేదానివా అని అడిగితే ఎట్లా ఉంటుందో, ఆ బాధ పగవాళ్లకు కూడా వద్దు.

వదిన దీప గ్లాసులో రాగిజావ తెచ్చింది. మామను అరుగు మీద కూర్చోబెట్టి, గ్లాసు ఆయన చేతిలో పెట్టి, తన చెయ్యి కింద ఆనించి పట్టుకుంది. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం జొన్నరొట్టె, అవిసెగింజల పొడి, ఆకుకూర. శోభ రాసిచ్చినదాంట్లో దీప ఏ పూటా పొల్లు పోనివ్వదు. ఇదే తిండి శోభ పథకం కింద కోరుట్లలో, వెల్గటూరులో, ఎల్లారెడ్డిపేట పక్కనున్న ఒక ఊళ్లో ముసలివాళ్లకు పిండి సంచుల్లో పంచుతున్నారు. వానాకాలం మొదట్లో అందరికీ జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టారు. ఇప్పుడు చలి మొదలైంది, మళ్లీ పెట్టారు.

"బాపూ, అయిదు మాటలు చెప్త. యాదుంచుకో," అంది శోభ పక్కన కూర్చుని. "నాగలి, కోడి, బావి, గొడుగు, దీపం."

ఓదెలు ఒక్కొక్కటే తిరిగి చెప్పాడు. జావ తాగాడు. మీసం తుడుచుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు. నేనేం చెప్పిన?"

"నువ్వేం చెప్పినవ్?" అని ఆయన నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

లోపలినుంచి అన్న రవీందర్ బండి తాళం తిప్పుతూ వచ్చాడు. వీధి చివర కల్లు దుకాణం ఆయనదే. తండ్రి తువ్వాలు సరిచేసి, "స్తంభమెక్కిండా మల్ల?" అన్నాడు. "పైకం జూసుడు కాదు చెల్లె, బాపును జూసుకుందామనే నేను దుకాణం ఇంటి దగ్గర వెట్టిన. మాపటికి తీస్కపోయి ఒక్క సీస పోస్త, నిమ్మళంగ పంటడు."

కల్లుగీసే గౌడ్ల ఇంట్లో ముసలాయనకు ఒక సీసా కల్లు అంటే మంచినీళ్ల కింద లెక్క. శోభ అది విననట్టే విని, జగిత్యాల బస్సు అందుకోవడానికి లేచింది.

*

జగిత్యాలలో పథకం ఆఫీసంటే మెట్ల మీది రెండు గదులు. ప్రవళిక అప్పటికే కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. మొదటి పరీక్షలకు శోభ కూడా వెళ్లింది గానీ, ఆ తర్వాత ఊళ్లు తిరిగి పరీక్షలు పెట్టేది, పిండి పంచేది ఆ అమ్మాయే. శోభ లోపలికి రాగానే కుర్చీ తనకేసి తిప్పి, "మేడం, మీరే చూడుండ్రి," అంది. మొహం వెలిగిపోతోంది.

తెర మీది మార్కుల పట్టికలో కోరుట్ల వాళ్లు ఎక్కడున్నవాళ్లు అక్కడే ఉన్నారు. వెల్గటూరు వాళ్లూ అంతే. ఎల్లారెడ్డిపేట పక్క ఊరు మాత్రం ఎక్కడికో వెళ్లిపోయింది. వానాకాలంలో ఏ వారమో చెప్పలేనివాళ్లు ఇప్పుడు వారం, నెల, పండుగ అన్నీ చెబుతున్నారు. బొమ్మ చూసి గుటకలు మింగినవాళ్లు పేర్లు చెబుతున్నారు. మొగిలవ్వ అనే ఆమె అయిదు మాటల్లో అయిదూ చెప్పింది.

హైదరాబాదు నుంచి ఫోను మోగింది. పథకం పెద్ద, ప్రొఫెసర్ హరిప్రసాద్.

"శోభగారూ, చూశారా? నేను రాత్రే చూశాను. మీ రాగులు, జొన్నలు పనిచేశాయండీ. ఈ శుక్రవారం మీటింగులో చెప్పేద్దాం. మిగతా రెండు ఊళ్లు తర్వాత చూసుకోవచ్చు."

"తొందరెందుకు సార్. ఒక ఊళ్లో పనిచేసి ఇంకో ఊళ్లో పనిచేయకపోవడమేమిటో తెలుసుకోవాలి కదా."

"తిండి సరిగ్గా తిని ఉండరు. అంతేగా."

శోభ ఫోను పెట్టేసి చాలాసేపు ఆ పట్టిక వంకే చూసింది. తన శాస్త్రం నిజమైందని ఎగిరి గంతెయ్యాల్సిన మనిషి. కానీ లోపల ఒకటే మంట. దీప కంటే సరిగ్గా తినిపించేవాళ్లు ఈ జిల్లాలోనే లేరు. మొగిలవ్వకు పనిచేసిన తిండి ఓదెలుకు ఎందుకు పనిచేయదు? ఆయన చేసుకున్న పాపమేంటి? మొగిలవ్వ వంట గురిగిలో ఇంకేముందో చూస్తే గానీ ఆమెకు నిద్ర పట్టేట్టు లేదు.

"రేపు ఎల్లారెడ్డిపేట పోదాం ప్రవళికా. ఆమె పొయ్యి కాడ కూసుంట నేను," అంది.

*

మొగిలవ్వ అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. రేకు ముక్క పెట్టి తునికాకు కత్తిరించడం, చిటికెడు తంబాకు రాల్చడం, రెండు బొటనవేళ్లతో దొర్లించడం, మూతి మడిచి దారం చుట్టడం. చూస్తున్నంతలో ఒకటి అయిపోయి రెండోది చేతిలోకి వస్తోంది. వానాకాలంలో ఇదే అరుగు మీద ఈమె చేతికి కత్తెర ఇస్తే, అదేమిటో తెలియక చీర కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

"నువ్వు మెదడు డాక్టరమ్మవు గదా," అంది మొగిలవ్వ తలెత్తి. "పోయినపారి బొమ్మలు వట్టుకచ్చినవ్. నేను ఏనుగును జూసి బర్రె అన్ననట. మా కోడలు ఇప్పటికీ నవ్వుతది."

యాది పోయిన మనిషి తను యాది పోయి ఉన్న రోజుల గురించి నవ్వుతోంది. శోభకు సంతోషమే. దాని వెనకాలే కుళ్లు కూడా వచ్చింది. ఈమెను ఇచ్చి తన తండ్రిని తెచ్చుకోగలిగితే ఇచ్చేసేదే, ఆ క్షణాన అంత పాపిష్టి ఆలోచన వచ్చింది.

"అవ్వా, ఏం తింటున్నవ్ ఈ నడుమ?"

"ఏమున్నది బిడ్డ. బువ్వ, చారు, ఇంత మామిడి తొక్కు."

"రాగిజావ?"

మొగిలవ్వ బీడీ దారం తెంపుతూ కోడలి వంక చూసింది. కోడలు చీపురు గోడకు ఆనించి దగ్గరికి వచ్చింది. మొగుడు దుబాయిలో ఉంటాడు, ఇల్లంతా ఆమె మీదనే నడుస్తుంది.

"మీతోని అబద్ధమెందుకు మేడం. గా పిండి అత్త ముట్టలే. నల్లగున్నది, నేను తాగ అన్నది. బర్రెకు కుడితిల కలిపినం. బర్రె మాత్రం మంచిగ తాగింది."

ప్రవళిక నోరు తెరిచింది. "అక్కా, నేను అడిగినప్పుడల్లా తాగుతుండ్రు అంటిరి గదా."

"నువ్వు ఎండలవడి అస్తివి. తాగుతలేదంటె నీ మనసు కష్టమైతదని గట్ల అన్న. ఊర్లె అందరు గంతే. మా వాడకట్టుల బర్లన్ని మీ పిండి మీదనే బతికినయ్."

శోభకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. హరిప్రసాద్ శుక్రవారం మీటింగులో చెప్పబోయేది బర్రెల సంగతన్న మాట. ఆ మూడు ఊళ్లలోనూ పిండిని సక్రమంగా తిన్న మనిషి బహుశా తన తండ్రి ఒక్కడే.

"మరి అవ్వకు యాది ఎట్ల అచ్చింది?" అని అడిగింది.

కోడలు ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "కల్లు బందైంది గదా మేడం."

"కల్లా?"

"వానలు వడ్డంక ఎక్సైజోళ్లు అచ్చి మా ఊరి దుకాణానికి సీలేసిండ్రు. డ్రమ్ములల్ల మందు దొరికిందట. నిద్రగోలీల పొడి. అప్పటిసంది ఊర్లె కల్లు లేదు. మా అత్త అప్పటిదాక దినాం మూడు సీసలు తాగుతుండె."

"మందు తాగరని రాయిస్తిరి గదా," అంది శోభ.

"మందెక్కడిది మేడం. మందంటె బ్రాందీ షాపుది. అది మా ఇంట్ల ఎవ్వలు ముట్టరు. మేము తాగేది కల్లు."

శోభ అరుగు అంచున కూర్చుండిపోయింది. ఆ ప్రశ్న రాసింది తనే. హైదరాబాదులో పెద్దవాళ్లు మద్యపానం అలవాటు ఉన్నదా అని రాస్తే, ఆ భాష ఊళ్లలో ఎవరికి తెలుస్తుందని ఎగతాళి చేసి, కొట్టేసి, మందు తాగుతరా అని మార్చింది. తన ఊరి మాట తనకు తెలుసని మురిసిపోయింది కూడా. అవును మరి, కల్లుగీసేవాళ్ల ఇంట పుట్టిన పిల్ల. మనం మందు అమ్మెటోళ్లం గాదు, కల్లు గీసెటోళ్లం అని తండ్రి మీసం మీద చెయ్యేసి చెబుతుంటే విని పెరిగింది. పరాయివాళ్లెవరైనా ఆ కాగితం రాసి ఉంటే కల్లు గురించి విడిగా అడిగేవారేమో. ఆమెకు మాత్రం అది అడగాల్సిన విషయమనే తోచలేదు.

లోపలి గోడకు దండ వేసిన ఫొటో ఉంది. కోడలు ఆమె చూపు పట్టుకుంది.

"మా మామ. జలపతి. మీ పరీక్షకు ఆయన గూడ కూసున్నడు. దుకాణం బందైన రెండు దినాలకే చేతులు వణుకుడు మొదలైంది. లేని పురుగులను పట్టి పారేస్తుండె. ఎవల్ని గుర్తువట్టలే. తెల్లారి ఫిట్స్ అచ్చినయ్. సిరిసిల్ల తీస్కపోతుంటె ఆటోలనే పాణం పోయింది. అత్తకు గూడ గట్లనే షురూ అయితె, మా అన్న తెలివిగల్లోడు, ముందుగాలనే దవాఖానల చేర్పిచ్చిండు. డాక్టరు గోలీలిచ్చి, జర జర తగ్గిచ్చుకుంట మాన్పిచ్చిండు."

శోభ ప్రవళిక వైపు తిరిగింది. ప్రవళిక కళ్లు దించుకుంది.

"ఆయన ఇగ రాడు అన్నరు మేడం. మానేసిండనుకున్న. మధ్యల తప్పుకున్నోళ్లల్ల రాసిన."

మధ్యలో తప్పుకున్నవాళ్లు. ఆ ఊళ్లో ఎందుకు అంతమంది తప్పుకున్నారని శోభ ఒక్కసారి కూడా అడగలేదు. లెక్కలోంచి తీసేసి ముందుకు పోయింది. ఒక మనిషి చచ్చిపోతే తన పట్టికలో అది తిండి మానేసినట్టు కనబడింది. సిగ్గుతో ఆమె ఆ ఫొటో వంక సూటిగా చూడలేకపోయింది.

లేచి వస్తుంటే కోడలు వాకిటి దాకా వచ్చింది.

"మేడం, దుకాణం మల్ల తెరుస్తరట. తెరిస్తె మా అత్త ఆగది. మీరు పెద్దోళ్లు, ఎవలకన్న చెప్తరా?"

చెబుతానని శోభ తలూపింది. అప్పుడు ఆమె మనసులో ఉన్నది మాత్రం మొగిలవ్వ కాదు.

*

తిరుగుదారిలో శోభ సిరిసిల్లలో పథకం కారు ఆపించింది. బట్టలు నేసే సాంచాల చప్పుడు వినిపించే సందులో, ల్యాబు సామాన్లు అమ్మే దుకాణంలో, మూత్రంలో నిద్రగోలీల మందు ఉందో లేదో చూపే పట్టీలు కొన్నది. ఇవి చేతిలో పడ్డాక గానీ మొహంలో నెత్తురు ఆడలేదు.

వేములవాడ దాటి, కథలాపూర్ దారి పట్టాక, పొలాల మీద ఎండ పచ్చగా పడుతుంటే ఆమెకు పట్టరాని సంతోషం వచ్చింది. తండ్రి ఏళ్ల తరబడి అన్న దుకాణంలో కల్లు తాగుతున్నాడు. కోరుట్ల ముసలివాళ్లెవరూ మెరుగుపడలేదంటే, కోరుట్లలో దుకాణాలు నడుస్తున్నాయి కాబట్టి. వెల్గటూరూ అంతే. తండ్రి మెదడు పాడవలేదు, ముసుగు కప్పి ఉంది. ముసుగు తీస్తే ఆయన లోపలే ఉంటాడు. మొగిలవ్వ లేదూ? సిరిసిల్ల డాక్టరు చేసినట్టే మెల్లగా తగ్గిస్తే, ఉగాది నాటికి ఆయన తనను పేరు పెట్టి పిలుస్తాడు.

సొంత అన్న కన్నతండ్రికి విషం పోస్తున్నాడని ఒక చెల్లెలు ఇంతగా మురిసిపోవడం ఎక్కడైనా ఉందా? శోభ మురిసింది. కిటికీ అద్దానికి తలానించి, పెదవులు బిగబట్టినా నవ్వు ఆగలేదు.

"మేడం, హైదరాబాద్ సార్‌కు ఫోన్ చేద్దామా?" అంది ప్రవళిక. "తిండితోని కాదని చెప్పాలె గదా. జలపతి సంగతి గూడ."

"రేపు చేద్దాం."

"శుక్రవారం మీటింగున్నది."

"రేపు అన్న గదా," అని శోభ కసిరింది. ఫోను చేస్తే కల్లు పేరు చెప్పాలి. కల్లు పేరు చెబితే దుకాణాల పేర్లు వస్తాయి. ముందు బాపు, తర్వాత లోకం అనుకుంది.

*

తెల్లారి దుకాణం వెనక రేకుల షెడ్డులో రవీందర్ సీసాలు కడుగుతున్నాడు. పొడుగు బ్రష్షు సీసాలోకి దూర్చి తిప్పి, నీళ్లు పారబోసి, వెలుతురుకెత్తి చూసి, క్రేటులో బోర్లిస్తున్నాడు. మూలన నీలం డ్రమ్ము, దాని మీద గుడ్డ, గుడ్డ అంచుల్లోంచి తెల్ల నురుగు. ముందు వైపు షట్టరు ఇంకా దించే ఉంది.

"అన్నా, కల్లుల ఏం కలుపుతున్నవ్?"

"ఏం కలుపుత. నీళ్లు, ఇంత సాక్రిన్."

"నిద్రగోలీల పొడి?"

రవీందర్ చెయ్యి ఆగింది. చేతిలో సీసా క్రేటులో పెట్టి, తడిచేతులు లుంగీకి తుడుచుకుని, చెల్లెలి మొహం చూశాడు. అబద్ధం చెప్పి లాభం లేదనుకున్నాడేమో, గొంతు తగ్గించాడు.

"చెట్లేడున్నయ్ చెల్లె? ఉన్నయన్ని కొట్టి ప్లాట్లు జేసిరి. మన దిక్కు ఎక్కెటోడు రాజన్న ఒక్కడు మిగిలిండు. ఆయన దించే కల్లు ఒక బల్లకు సరిపోదు. ఊరంతకు నేనేం పొయ్యాలె? కలుపకుంటె తాగినోనికి పాణం నిలువది, తిట్టుకుంట పక్క దుకాణానికి పోతడు. నేనొక్కన్నే కలుపుతున్ననా?"

ఇంకో రోజైతే శోభ చెడామడా తిట్టేది. ఇవాళ ఒక క్రేటు తిరగేసుకుని దాని మీద కూర్చుని, అన్న చెయ్యి పట్టుకుంది.

"నేను లొల్లికి రాలే అన్నా. ఒక్కటే అడుగుత. బాపుకు ఎన్నేండ్లసంది పోస్తున్నవ్? దినాం ఒక్కటేనా, ఎక్కువనా? నిజం చెప్పు. నేను ఎవలకు చెప్ప. సార్‌కు గూడ చెప్ప, నీ దుకాణం జోలికి రాను. నువ్వు ఒప్పుకుంటె చాలు. జర జర తగ్గిస్తె బాపు మల్ల మనిషైతడు."

నిన్న జలపతి ఫొటో ముందు తల వంచుకున్న మనిషే ఈ మాట అన్నది. ఊరి ముసలివాళ్లందరినీ ఆ డ్రమ్ముకు అప్పజెప్పి తండ్రిని ఇప్పించుకుందామని బేరమాడింది. ఆ సంగతి తనకు తెలుసు, తెలిసే ఆడింది.

రవీందర్ చెయ్యి లాక్కున్నాడు. మొహం ఎర్రబడింది.

"నేనా? బాపుకా?"

"అవును."

"నన్ను గంత నీచపోని లెక్క జూస్తున్నవా నువ్వు?" బ్రష్షు తీసి నేలకేసి కొట్టాడు. "బాపు సీసల నేను ఎన్నడు కలుపలే. రాజన్న పొద్దుగాల చెట్టు దిగంగనే మొదలు నింపే సీస బాపుది. దాన్ని ఏరువెట్టి, తడిగుడ్డ చుట్టి దాస్త. నా పెండ్లాన్ని గూడ ముట్టనియ్య. కన్నతండ్రికి ఎవలన్న కలుపుతరా చెల్లె?"

శోభ విన్నది. మాటలన్నీ అర్థమయ్యాయి. కానీ ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది.

"అబద్ధం."

"అవ్వ మీద ఒట్టు."

"అబద్ధమాడుతున్నవ్ అన్నా. భయపడి ఆడుతున్నవ్. నేను ఏమన్న అంటనా? పోసిన అని చెప్పు."

రవీందర్ ఆమెను వింతగా చూశాడు. చేయని తప్పు ఒప్పుకొమ్మని బతిమాలే చెల్లెల్ని ఆయన ఎప్పుడూ చూడలేదు. "నీ తాన పరీక్షలుంటయ్ గదా. జేసుకో," అన్నాడు.

ఇంటికి వెళ్లారు. రవీందరే తండ్రిని స్నానాలగదిలోకి నడిపించి, లుంగీ పట్టుకుని, చిన్న డబ్బాలో మూత్రం పట్టి తెచ్చాడు. శోభ అరుగు మీద కూర్చుని పట్టీ కవరు చింపింది. పట్టీ ముంచి తీసి పళ్లెంలో పరిచింది. మొదటి గీత ఎట్లాగూ వస్తుంది, పట్టీ బాగుందని చెప్పడానికి. చూడాల్సింది దాని పక్కన. నిద్రమందు ఉంటే అక్కడ ఖాళీగా ఉంటుంది. లేకుంటే రెండో గీత వస్తుంది.

రావద్దు, రావద్దు అనుకుంది శోభ. కొండగట్టు అంజన్నకు ముడుపు కూడా మొక్కింది. ఆమె దేవుడికి మొక్కి చాలాకాలమైంది.

మొదట ఏమీ లేదు. తర్వాత గోరుతో గీరినట్టు సన్నగా ఏదో కనబడింది. అది నీడేమోనని పళ్లెం వెలుతురులోకి తిప్పింది. గీత ముదిరి, ఎర్రగా, మొదటిదానితో సమానంగా నిలబడింది. శోభ ఇంకో కవరు చింపింది. రెండో పట్టీ కూడా అదే చెప్పింది.

"ఏమైంది?" అన్నాడు రవీందర్ భుజం మీదుగా వంగి.

"లేదు. బాపు ఒంట్ల మందు లేదు."

రవీందర్ గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను చెప్పలే?" అని, ఇంట్లోకి తిరిగి, "దీపా, ఇటు రా. చెల్లె పరీక్ష జేసింది. బాపుకు ఏం లేదట," అని పిలిచాడు. తండ్రి పక్కన కూర్చుని ఆయన మోకాలి మీద చెయ్యేసి నిమిరాడు. దొంగ అన్న మాట పడి గెలిచి వచ్చినవాడి తీరుగా ఉన్నాడు.

శోభ రెండు పట్టీలనూ పళ్లెంలో పక్కపక్కన పెట్టింది. ఎంత నెమ్మదిగా చెప్పాలన్నా మాట గట్టిగానే వచ్చింది.

"నువ్వు బాపుకు గూడ కలిపుంటె బాగుండు అన్నా."

రవీందర్ చెయ్యి తండ్రి మోకాలి మీదే ఆగిపోయింది. లోపలినుంచి వస్తున్న దీప గడప దగ్గర నిలబడింది.

"ఏం మాట్లాడుతున్నవ్ చెల్లె?"

"మందుతోని పోయిన యాది, మందు మాన్తె అస్తది. నిన్న నా కండ్లతోని జూసిన. బాపుది గట్ల పోలే. బాపు మెదడే కరిగిపోతున్నది. దానికి రాగులు లేవు, గోలీలు లేవు. నా సదువుల గూడ ఏం లేదు." ఇక ఆగలేక మొహం కొంగులో దాచుకుని ఏడ్చింది. "ఎవల బాపులో తిరిగొస్తరు. మన బాపు రాడు."

ఓదెలు ఏడుస్తున్న ఆడమనిషి వంక జాలిగా చూసి, ఎవరామె అన్నట్టు కొడుకు వైపు తిరిగాడు. రవీందర్ చూపు నేల మీద ఉంది. తండ్రి కోసం ఏరిపెట్టిన సీసాలన్నీ, మిగతావాళ్లకు పోసిన సీసాలన్నీ ఒకేసారి కళ్ల ముందుకు వచ్చినట్టు ఆ మొహం పాలిపోయింది.

గేటు దగ్గరినుంచి ఎవరో కేకేశారు.

"రవన్నా, ఇయ్యాల దుకాణం తియ్యవా? మా అవ్వ చేతులు వణుకుతున్నయ్."

రవీందర్ కదల్లేదు. ఓదెలే కదిలాడు. కొడుకు భుజం తట్టి, ఒకప్పుడు చెట్టు దిగి తనే కల్లు పోసిన రోజుల్లో ఎంత స్పష్టంగా మాట్లాడేవాడో అంత స్పష్టంగా అన్నాడు.

"గిరాకిని నిలవెట్టద్దు కొడుకా. పో."

రవీందర్ చెల్లెలి వైపు చూశాడు. తెరవమంటావా, మూయమంటావా అన్న చూపు. శోభ మొహం తుడుచుకుంది.

"తెరువు. ఒక్కపారే బంద్ వెడితె సస్తరు. ఎల్లారెడ్డిపేటల సచ్చిండ్రు. నేను గూడ అస్త. ఎవలు ఎంత తాగుతుండ్రో నాకు తెలువాలె. అందరిని జగిత్యాల దవాఖానకు తీస్కపోయి జర జర మాన్పియ్యాలె. సార్‌కు ఇయ్యాల్నే ఫోన్ చేస్త."

"నా పేరు చెప్తవా?"

"చెప్త."

"దుకాణం పోతది."

"పోతది అన్నా."

రవీందర్ తాళాలు తీసుకుని ముందు నడిచాడు. శోభ వెనక నడిచింది.

షట్టరు లేవగానే బల్ల మీద ఒకామె కూర్చుంది. గేటు దగ్గర కేకేసిన కొడుకే రెక్క పట్టుకుని కూర్చోబెట్టాడు. మంచి చీరే కట్టుకుంది గానీ తిరగేసి కట్టింది. చేతులు ఒళ్లో పెట్టుకుని ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఆపుకుంటోంది. రవీందర్ సీసా తెచ్చి ముందు పెట్టి, ఆమె మొహం చూడకుండా పక్కకు జరిగాడు. శోభ వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

"అవ్వా, నీ పేరేంది?"

ఆమె సీసా వంక చూసింది. శోభ వంక చూసింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. కొడుకు చెప్పబోతే శోభ వద్దన్నట్టు చెయ్యెత్తింది. ముసలామె నుదురు ముడిచి, కళ్లు మూసుకుని, తన పేరు కోసం వెతుక్కుంటూ ఉంది. శోభ తొందరపెట్టకుండా ఆమె వణికే చేతి మీద చెయ్యి వేసి కూర్చుంది.